సక్కుబాయి చేతిరాత

ఏడేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. ఒకే ఒక్క మాట. "లేదు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. దాని కింద ఒక మనిషి మంచి పేరు, సంసారం, ఊరు అన్నీ నలిగిపోయాయి. నేను మాత్రం పాఠాలు చెప్పుకుంటూ, పెళ్లిళ్లకు పేరంటాలకు తిరుగుతూ బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నానా? ఉన్నాననే అనుకోవాలి. బాగా లేనివాళ్లు ఏడేళ్లు నోరు మూసుకుని ఉండగలరా?

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోతే వెంటనే నా తరఫున మాట్లాడతారు. "మీ అన్న చేసిన దానికి నువ్వేం చేస్తావు" అంటారు. ఆ మాట వినడం నాకు చాలా ఇష్టం. అందుకే వాళ్లకు చెప్పడం లేదు.

ఇందులో పేర్లన్నీ మార్చాను. తండా పేరు రాయను. అప్పుడు పాటించని జాగ్రత్త ఇప్పుడైనా పాటించాలి కదా.

నేను కోదాడలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పుట్టి పెరిగింది మిర్యాలగూడలో. మాది తాతల నాటి నుంచీ ధాన్యం వ్యాపారం. నాన్న తర్వాత దుకాణం అన్న చూసుకుంటున్నాడు. మిల్లులకు వడ్లు ఇప్పించడం, బియ్యం కొనేవాళ్లను కుదర్చడం అన్న పని. ఊక కాలే వాసన మధ్యే పెరిగాను కాబట్టి అది పొగ అని, ఎవరి ఊపిరితిత్తుల్లోకో పోతుందని చిన్నప్పుడు ఎన్నడూ అనిపించలేదు.

ఒక సెలవుల్లో, డాక్టరుగా ఉన్న స్నేహితురాలికి తోడుగా వేములపల్లి దగ్గర ఒక తండాలో వైద్య శిబిరానికి వెళ్లాను. తండా పక్కనే ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. వడ్లు ఉడికించడానికి బాయిలర్లో ఊక కాలుస్తారు. ఆ బూడిద ఎగిరి తండా మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, మూత లేని బిందెల్లో, మంచాల మీద. వచ్చినవాళ్లలో సగం మంది దగ్గుతూ వచ్చారు. చివరలో ఒక నలభై ఏళ్ల మనిషి లేచి నిలబడి మాట్లాడింది. కోపంగా కాదు, లెక్క ఒప్పజెబుతున్నట్టుగా.

"మీరు గోలీలిచ్చి పోతరు. బూడిద మాత్రం పడుతనే ఉంటది. అర్జీ పెడితె రుజువేదంటరు. రుజువంటె ఏంది మేడం? మా దగ్గు రుజువు కాదా?"

ఆమె సక్కుబాయి. పదో తరగతి దాకా చదివింది. తండాలో పింఛను అర్జీలు, రేషన్ కార్డు అర్జీలు అన్నీ ఆమే రాసేది. గుండ్రటి అక్షరాలు. ఒక్కో అక్షరం విడివిడిగా, ముగ్గు పెట్టినట్టు రాస్తుంది. ఆమె చేతిరాత తండాలో అందరికీ తెలుసు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపటికి మీకే తెలుస్తుంది.

రుజువు మనమే తయారు చేసుకోవచ్చన్నాను. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పోస్టుకార్డంత తెల్ల అట్ట ముక్కలు కోసి, పైన పలచగా వాజిలిన్ పూసి, ఎంచుకున్న ఇళ్ల కప్పుల మీద రోజూ ఒకే వేళకు పెట్టాలి. మరునాడు అదే వేళకు తీయాలి. ఎంత నల్లబడిందో నేను తయారు చేసి ఇచ్చిన నమూనా కాగితంతో పోల్చి, ఒకటి నుంచి ఆరు వరకు ఒక అంకె వేయాలి. గాలి ఎటు వీస్తోందో రాయాలి. ఇంట్లో ఎవరికి దగ్గు, ఎవరికి ఆయాసం, ఎవరు దవాఖానకు పోయారు, అదీ రాయాలి.

ఆడవాళ్లు ఒప్పుకున్నారు. కానీ సక్కుబాయి ఒక మాట అడిగింది.

"రాస్తం గని మేడం, ఇదంత ఏడికి పోతది?"

"పేర్లు ఎక్కడికీ పోవక్కా. ఆఫీసర్లకు ఇంటి నెంబర్లే ఇస్తం. ఏ నెంబరు ఎవరిదో, ఎవరికేమున్నదో ఒక్క పేజీల రాసి పెడుదం. అది నీ దగ్గర, దాని ఫోటో నా దగ్గర. అంతే."

ఆ హామీతోనే ఇంటింటికీ తిరిగింది. ధర్మవ్వ అనే ముసలామె తనకు టీబీ వచ్చి తగ్గిందని, మందుల కోర్సు మొత్తం వాడానని, ఆ సంగతి కోడలికి తప్ప తండాలో ఎవరికీ తెలియదని చెప్పింది. సక్కుబాయి రాయాలా వద్దా అని ఫోన్ చేసి నన్ను అడిగింది. రాయమన్నాను. రాయమన్నది నేనే.

వానాకాలం పోయి చలికాలం వచ్చేదాకా రాశారు. ఒక్కరోజు తప్పలేదు. నాట్లకు పోయే రోజుల్లో కూడా పొద్దున్నే అట్టలు మార్చి పోయేవారు. నేను నెలకోసారి వెళ్లి అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత నిజాయితీ ఉన్న రికార్డు నా విద్యార్థుల దగ్గర కూడా చూడలేదు. అందులో అసలు విషయం కనిపెట్టింది కూడా నేను కాదు, సక్కుబాయి. ఒకరోజు పుస్తకం నా ముందు పరిచి వేలితో చూపించింది.

"ఆదివారం ఆదివారం సూడు మేడం. అయిదు, ఆరు, అయిదు, ఆరు. తనిఖీకి ఎవ్వరు రాని దినం సూసి మస్తు కాలుస్తుండ్రు."

నిజమే. ఇంక దాన్ని ఎవరూ కాదనలేరనుకున్నాను. అధికారులకు ఇవ్వడానికి నివేదిక రాయడం మొదలుపెట్టాను.

ఆ వారమే మిర్యాలగూడ వెళ్లాను. అన్నతో కలిసి భోజనం చేస్తూ సంతోషంలో అంతా చెప్పేశాను. అన్న శ్రద్ధగా విన్నాడు. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాడు.

"ఆఫీసుల సుట్టు తిరిగితె ఏండ్లకేండ్లు పడతది" అన్నాడు. "ఆ మిల్లు సేటు నాకు ఎప్పటి దోస్తో నీకెరికే. నేను మాట్లాడ్త. పొగగొట్టానికి జాలీ పెట్టిస్త. కాకపోతె ఊరికె బూడిద బూడిద అంటె నమ్మడు. ఎవరెవరికి ఏమున్నదో పేర్లతోని జర సూపెట్టాలె."

"పేర్లు ఇయ్యనని మాటిచ్చిన అన్నా."

"నేనేమన్న పరాయోన్నా?"

నేను ఎంతసేపు ఆలోచించానో చెప్పనా? కంచంలో అన్నం అయిపోయేంత సేపు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోన్లో ఉన్న ఆ పేజీ ఫోటో అన్నకు పంపాను. నంబర్లు, పేర్లు, జబ్బులు, ఎవరు ఎక్కడ పని చేస్తారు, అన్నీ ఉన్న పేజీ. సక్కుబాయి చేతిరాతలో ఉన్న పేజీ.

ఎందుకు పంపాను? పని తొందరగా అవుతుందని. అన్న మీద నమ్మకంతో. ఈ రెండూ నిజమే. కానీ ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది. ఆ పేజీ నాది అనుకున్నాను. ఆ మనుషులు చెప్పుకున్న రోగాలు, వాళ్ల భయాలు, నేను పోగు చేశాను కాబట్టి నావే అనుకున్నాను. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు నాకుందనుకున్నాను. సక్కుబాయిని ఒక్క మాట అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఫోన్ చేతిలోనే ఉంది.

వారం తిరగకముందే మిల్లు హమాలీ మేస్త్రీ తండాకు వచ్చి పదకొండు మందిని పనికి రావద్దన్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. ఎంతో దయగా చెప్పాడట. మీకు ఆయాసం ఉన్నదట, బస్తాలు మోస్తూ మీకేమన్నా అయితే మా మీదికి వస్తది, ఇంట్లో ఉండి ఆరోగ్యం చూసుకోండి అని. మాకు ఆయాసమని ఎవరు చెప్పారని వాళ్లు అడిగితే ఫోన్ తీసి ఫోటో చూపించాడు. వాళ్ల దగ్గు వాళ్లకే ఎదురు తిరిగింది. ధర్మవ్వ పేరు కూడా అందులో ఉంది. ఆమె జబ్బు కూడా. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్లు తాగలేదు.

ఆ చేతిరాత ఎవరిదో ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం లేకపోయింది. పైగా సక్కుబాయి ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు కాబట్టి ఆ పేజీలో ఆమె ఇంటివాళ్ల పేర్లు లేవు. ఆమె భర్త అదే మిల్లుకు లారీ తోలేవాడు. ఇంకేం కావాలి? తండాలో ఒక్కరికీ నా మీద అనుమానం రాలేదు. చదువుకున్న మేడం, కోదాడ నుంచి బస్సులు మారి మా కోసం వచ్చే మేడం. తమ ఇంటి మనిషిని అనుమానించారు గానీ నన్ను కాదు.

తండా నుంచి ఫోన్ వచ్చి ఈ సంగతి విన్న రోజే మిర్యాలగూడ వెళ్లి అన్నను నిలదీశాను.

"సేటు పంపమన్నడు, పంపిన" అన్నాడు అన్న. "పనులకెల్లి తీసేస్తడని నాకేమెరిక? అయినా నువ్వు ఇయ్యకుంటె అది నా ఫోన్లకు ఎట్లొచ్చేది? ఇగో, ఈ ముచ్చట బయట అనకు. మిల్లులోళ్లు మళ్ల నా మొఖం సూడరు."

ఆ రోజు నేను ఏడ్చాను. నా తోడబుట్టినవాడే నన్ను ఇంత మోసం చేశాడని ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. కానీ ఆ ఏడుపు నాకు ఎంత ఉపయోగపడిందో తర్వాత తెలిసింది. నేను మోసపోయినదాన్ని అనుకుంటున్నంతకాలం నేను చేసిన మోసం వైపు చూడనక్కర్లేకపోయింది.

నాలుగు రోజుల తర్వాత సక్కుబాయి కోదాడ వచ్చింది.

క్లాసు అయిపోయి బయటికి వస్తుంటే కారిడార్ చివర నిలబడి ఉంది. చెప్పులు విడిచి, చేతిలో పట్టుకుని. స్టాఫ్ రూములోకి రమ్మంటే రానంది. కిటికీ పక్కన బెంచీ మీద కూర్చున్నాం.

"మేడం, ఒక్కటి అడుగుత. కోపానికి రాకు."

"అడుగక్కా."

"ఆ కాయితం మిల్లుకు ఎట్ల పోయింది?"

"నాకు తెల్వదక్కా."

"నీ దగ్గర్నుంచి పోలేదు గదా?"

ఆమె నా కళ్లలోకి చూసి అడిగింది. దోషిని అడిగినట్టు కాదు. తోడు అడిగినట్టు. నేను అవునంటే ఏమయ్యేది? ఆమె తిట్టేది. తండా నన్ను తిట్టేది. కాలేజీలో తెలిసేది. అన్న దుకాణానికి దెబ్బ తగిలేది. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెబితే అబద్ధమవుతుంది. ఏమీ ఆలోచించలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"లేదు."

ఆమె తల ఊపింది. కాసేపు చేతిలోని చెప్పుల వైపు చూసింది.

"ఉన్నది రెండే తావుల. నీ దగ్గర, నా దగ్గర. నీ దగ్గర్నుంచి పోలేదంటె నా దగ్గర్నుంచే పోయినట్టు." మళ్లీ లెక్క ఒప్పజెబుతున్నట్టే అంది. "పుస్తకం బీరువల పెట్టి తాళమేసిన. తాళంచెవి ఏడుంటదో మా ఆయనకే ఎరిక."

ఆ మాట అర్థమైంది నాకు. ఆమె ఇంటికి పోయి ఏం చేయబోతోందో అర్థమైంది. అప్పుడైనా చెయ్యి పట్టుకుని ఆపవచ్చు. "టీ తాగి పో అక్కా" అన్నాను. వద్దని వెళ్లిపోయింది.

ఆమె భర్తను అడిగింది. అతను ఒట్టు వేశాడు. ఆమె నమ్మలేదు. నమ్మితే నేను అబద్ధం చెప్పానని అనుకోవాలి. ఆమె నన్ను నమ్మింది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. అట్టలు కప్పుల మీద నుంచి దిగిపోయాయి. నేను రాసిన నివేదిక ఎవరికీ ఇవ్వలేదు, ఇస్తే ఆ పేజీ ఎక్కడిదన్న ప్రశ్న వస్తుందని. ఆదివారాల అంకెలు నా కంప్యూటర్లో అలాగే ఉండిపోయాయి. బూడిద ఇప్పటికీ పడుతోంది. ఇప్పుడు ఆ తండాలో ఎవరు ఏ సర్వేకు వచ్చినా తలుపులు తీయరు. ప్రభుత్వ మనిషి పిల్లల బరువులు రాయడానికి వచ్చినా, ఇదెక్కడికి పోతుందని అడిగి పంపేస్తారు. సక్కుబాయి ఏడాది తిరగకుండా తండా వదిలి సూర్యాపేటలో ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. భర్త తండాలోనే ఉండిపోయాడు. ఈ సంగతులన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. సూర్యాపేట మీదుగా హైదరాబాద్ బస్సులో ఎన్నోసార్లు వెళ్లాను. ఒక్కసారి కూడా దిగలేదు.

ఈమధ్య సూర్యాపేటలో కొందరు యువతీ యువకులు మూసీ నీళ్లు పరీక్షించడం నేర్చుకుందామని కూడారు. అనుభవం ఉన్నదాన్నని నన్ను మాట్లాడమని పిలిచారు. వెళ్లాను. చాలా బాగా మాట్లాడాను. జనం ఇచ్చిన వివరాలు జనానివే, మనవి కావని చెప్పాను. అడగకుండా ఒక్క పేరు కూడా గడప దాటకూడదని చెప్పాను. ఒకమ్మాయి లేచి, "మేడం, పొరపాటున పేర్లు బయటికి పోతె అప్పుడేం చెయ్యాలె?" అని అడిగింది. "ముందు వాళ్లకు చెప్పాలి. తప్పు మనదని మనమే చెప్పాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు భరించలేకపోయాను. అక్కడి నుంచి నేరుగా ఆ హాస్టల్‌కు వెళ్లాను.

సక్కుబాయి వెనక వరండాలో బియ్యం ఏరుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేవబోయింది. "మేడం! మంచిగున్నవా?" అంది, ముఖం నిండా సంతోషంతో. ఆ సంతోషం చూశాక ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చెప్పాను. ఫోటో నేనే పంపానని. మా అన్నకని. కోదాడలో నువ్వు అడిగిననాడు నాకు తెలుసని.

ఆమె చేతులు చేటలో ఆగిపోయాయి. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"ఏడువకు మేడం" అంది చివరికి, ఓదార్పు లేని గొంతుతో. "మా ఆయన తన తల్లి మీద ఒట్టేసిండు. అయినా నమ్మలే. మేడం అబద్ధమాడదని జెప్పిన ఆయనతోని. గా మాటకే ఆయన మనసు ఇరిగింది."

నేను క్షమించమని అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"గిది నాకెందుకు జెప్తున్నవ్? నేను చెయ్యలేదని నాకెరికే. ఎరుక లేనిది తండాకు. గాడికి పోయి జెప్పు."

మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం తండాకు వెళ్లాను. ఒక్కదాన్నే. చేతిపంపు దగ్గర ఉన్నవాళ్లు నన్ను గుర్తుపట్టారు, కుర్చీ తెచ్చి వేశారు. కూర్చోలేదు. నిలబడి చెప్పాను. నా పేరు, మా అన్న పేరు, ఏం పంపానో, ఎలా దాచానో. సక్కుబాయికి, ఆమె భర్తకు దీంతో ఏ సంబంధమూ లేదని రెండుసార్లు చెప్పాను. ఆమె భర్త ఒక గుంజకు ఆనుకుని విన్నాడు. పూర్తి కాకముందే ఇంట్లోకి వెళ్లిపోయాడు.

పదకొండు మందిలో ఒకాయన, హమాలీ పని పోయాక మేకలు కాస్తున్నాయన, ముందుకు వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"ఇన్నేండ్లు ఆమెను అనరాని మాటలంటిమి" అన్నాడు. "పెండ్లిళ్లకు పిలువకపోతిమి. ఇప్పుడు ఆమె మొఖం మేమెట్ల సూడాలె? నువ్వు జెప్పి పోతవ్. మేమెట్ల సూడాలె?"

నేను దాచినందువల్ల వాళ్లు కూడా ఒక తప్పు చేశారు. ఈ రోజు నేను వచ్చి దాన్ని వాళ్ల చేతుల్లో పెట్టాను.

ధర్మవ్వ గోడ పట్టుకుని వచ్చింది. "నా రోగం సంగతి గూడ నువ్వే ఇచ్చినవా బిడ్డా?" అని అడిగింది. అవునవ్వా అన్నాను. ఆమె గోడ పట్టుకునే వెనక్కి తిరిగింది.

ఎవరో ఒకామె ఫోన్ తీసి సక్కుబాయికి కలిపింది. వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. నాకు ఆ భాష రాదు. అంతకాలం తిరిగి కూడా నేర్చుకోలేదు. ఫోన్ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారింది. ఒకరిద్దరు ఏడ్చారు. ఒకరు గట్టిగా అరిచారు. నా గురించేనా? తెలియదు. నన్ను ఉండమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. కాసేపు నిలబడి, రోడ్డు వైపు నడిచాను.

అన్నకు ఫోన్ చేసి, తండాలో అతని పేరు కూడా చెప్పానని చెప్పాను. "నన్ను ముంచినవ్" అన్నాడు. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారాల అంకెలు మళ్లీ తీశాను. వాటిని ఏం చేయాలో తండావాళ్లను అడుగుతూ ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రాకపోతే అవి అలాగే ఉంటాయి. ఈసారి నిర్ణయం నాది కాదు.

నన్ను ఎవరూ క్షమించలేదు. క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ ఆదివారం తండా నుంచి వస్తూ మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఒకటి మాత్రం జరిగింది. అది మీతో చెప్పి ముగిస్తాను. పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఎవరింటికి వోయినవమ్మా?" అని అడిగింది. ఎప్పుడైనా ఆ వైపు నుంచి వస్తున్నప్పుడు ఎవరైనా ఇలా అడిగితే చుట్టాలింటికనో, పని మీదనో అనేదాన్ని. ఆ రోజు అలా అనలేకపోయాను. "తప్పు చేసిన. చెప్పుకుందామని పోయిన" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, ఒళ్లో ఉన్న సంచి కొంచెం జరిపి నాకు చోటిచ్చింది. ఏడేళ్ల తర్వాత నా ఊపిరి లోపలిదాకా పోయింది.